పట్టాదారు గడిలో చుక్క

కనిగిరి చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో లంచం సంగతి ఎత్తితే మాట పొలం కాగితం మీదికి రాక తప్పదు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో కొన్ని సర్వే నంబర్ల ఎదుట, పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. అది సర్కారు భూమో రైతు భూమో అప్పుడు తేలలేదు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న మనిషికి ఆ చుక్కలున్నట్టే తెలియదు. పొలం అమ్మబోయినప్పుడో, బ్యాంకు మెట్లెక్కినప్పుడో బయటపడుతుంది.

కాగితం ఎవరి గుప్పిట్లో ఉంటే పెత్తనం వారిదే కావడం ఇక్కడ పాత కథ. 1832-33 డొక్కల కరువులో పక్కనున్న గుంటూరు జిల్లాలో లక్షకు పైగా జనం పోయారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా శిస్తు కోలుకోలేదు. కారణం కనుక్కోమని 1845లో కుంపిణీ వాల్టర్ ఇలియట్‌ను నియమించింది. సాగులో ఉన్న పొలాన్ని బీడుగా చూపడం, పండిన పంటను పోయిందని రాసి మినహాయింపు తీసుకోవడం, మిగిలిన సొమ్మును ఊరి కరణం మొదలు హుజూరు కచేరీ షిరస్తాదారు దాకా పంచుకోవడం మామూలుగా సాగిపోతున్నాయని తేలింది. దొరకు చూపించిన లెక్కే లెక్క. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో గుంటూరు జిల్లాపై వెలువరించిన గ్రంథం దీన్నే విప్పి చెబుతుంది. మనుషుల దుర్బుద్ధి ఒక్కటే చాలదు, పై అధికారికి లెక్క సరిచూసుకునే దారి లేకపోవడమే అసలు రోగమని నాకు అది చదివితే అనిపిస్తుంది. కింది రైతుకూ ఆ దారి లేదు. 1855లో మద్రాసు హింసల విచారణ సంఘం నివేదిక వచ్చింది. శిస్తు కోసం రైతును బాధపెట్టే చేతులే సొంతానికీ గుంజుకుంటున్నాయని అది బయటపెట్టింది.

అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లా తాలూకా. 1970లో, తర్వాత ప్రకాశం అని పేరు పెట్టిన కొత్త జిల్లాలోకి వచ్చింది. మరుసటి ఏడాదే పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. పుస్తకం చేతికొస్తే రైతు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదని ఆశ. జరిగింది వేరు: పుస్తకానికే ధర కట్టారు.

ఆ ధర ఎలా నిలబడుతుందో లెక్క వేసి చూడండి. కందికో పొగాకుకో లక్ష రూపాయలు కావాలి. పాసుపుస్తకం ఉంటే బ్యాంకు పంట రుణం ఏడు శాతానికి, గడువులో కడితే నాలుగుకే దొరుకుతుంది. లేకపోతే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఏడు శాతంతో పోల్చినా తేడా పదిహేడు వేలు. ఐదు వేలు చేతిలో పెట్టి పని చేయించుకున్న రైతు లాభపడ్డాననే అనుకుంటాడు. పెట్టలేనివాడు ఏటా ఆ పదిహేడు వేలూ కోల్పోతాడు. బోరు వేయడు, బత్తాయి నాటడు. లంచం వల్ల కలిగే నష్టం లంచం మొత్తం కాదు, ఆ నాటని చెట్లు కూడా అందులోకే వస్తాయి.

1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. పాత పెత్తనం విరిగింది, మంచిదే. కానీ చాలా ఊళ్లలో రికార్డులు పాత ఇళ్లలోనే ఉండిపోయాయి, తాళం మాత్రం మండల కచేరీకి మారింది. 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. ఆఫీసు బయట దస్తావేజు లేఖరుల బల్లలు కదల్లేదు. 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు రాష్ట్రంలో ఈ పథకాన్ని పరిశీలించి, యంత్రం కొత్తదైనా మామూళ్ల తీరు పాతదేనని రాశాడు.

మరి ఎక్కడ తగ్గింది? బేరం నలుగురిలో జరిగిన చోట. 1985లో ఆంధ్రలో పొగాకు బోర్డు వేలం మొదలుపెట్టింది. కనిగిరికీ వేలం కేంద్రం వచ్చింది. అంతకుముందు ఏజెంటు ఇంటికొచ్చి చెప్పిన తూకమే తూకం, ఇస్తానన్న రోజే డబ్బు. వేలంలో తన పొగాకు బేలు పక్కన నిలబడి రేటు వినొచ్చు. కొనేవాళ్లు కూడబలుక్కుంటారన్న ఫిర్యాదు నేటికీ ఉంది, అయినా తూకం దగ్గర మోసం చేయడం కష్టమైంది. 2007లో ప్రకాశానికి వచ్చిన ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మస్టరును గ్రామసభలో చదివించింది. దొంగ హాజరు కొంత తగ్గింది. తినేవాళ్లు సామగ్రి బిల్లుల వైపు జరిగారని ఈ తనిఖీలపై జరిగిన ఒక అధ్యయనం చెప్పింది.

చుక్కల భూముల విషయంలోనూ ఇదే తేడా. 2017 చట్టం రైతునే దరఖాస్తు పెట్టుకోమంది. పెట్టిన ప్రతి దరఖాస్తూ ఎవరో ఒకరు కదిపితేనే కదిలేది. 2023 మే 12న కావలిలో ప్రభుత్వం దరఖాస్తు అడగకుండానే రాష్ట్రంలో 2.06 లక్షల ఎకరాల చుక్కల భూములను రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించింది. దరఖాస్తే లేనప్పుడు దాన్ని ఆపి ధర అడిగే వీలూ ఉండదు. ఆ మార్పును నేను చిన్నదిగా చూడను.

అయితే 2020 నుంచి సాగిన రీసర్వేలో చాలామంది రైతులకు కలిపి ఒకే ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబరు ఇచ్చారు. దాన్ని విడగొట్టించుకోవడానికి మళ్లీ దరఖాస్తే పెట్టాలి.