కాఫీ అడిగిన కౌంటర్

ఫిబ్రవరి 1 వచ్చిందంటే అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో తన నలుగురు కుర్రాళ్లను తలుచుకుంటుంది. సౌత్ ఎల్మ్ వీధిలోని ఒకప్పటి వూల్‌వర్త్ దుకాణం ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. 1960లో వాళ్లు కూర్చున్న కౌంటర్‌లో చాలా భాగం నేటికీ అందులోనే ఉంది.

ఊరు 1808లో వెలిసింది. ఆ ప్రాంతంలోని క్వేకర్లనే క్రైస్తవ శాఖవారిలో కొందరు పారిపోయి వచ్చిన బానిసలను దాచి, ఉత్తరాదికి దాటించారు. అంతర్యుద్ధంతో బానిసత్వం పోయింది. వెలి మాత్రం పోలేదు. 1891లో నల్లజాతివారి కోసం పెట్టిన కాలేజీ (తర్వాతి ఎ అండ్ టి) 1893లో ఊరికి తరలివచ్చింది. 1896లో సుప్రీంకోర్టు నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి విడిగా ఉంచే వేర్పాటుకు ముద్ర వేసింది. మిల్లులు లేచాయి, ఊరు పెరిగింది, 1954లో అదే కోర్టు బడుల్లో వేర్పాటు చెల్లదంది. కౌంటర్ల దగ్గర ఏమీ మారలేదు.

వూల్‌వర్త్‌లో పేస్టు, పుస్తకాలు, ఏవైనా నల్లవాళ్లు కొనుక్కోవచ్చు. భోజనాల కౌంటర్ ముందు కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. ఆ కౌంటర్ వెనక వంట చేసేవాళ్లలో నల్లజాతి స్త్రీలున్నారు.

1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం ఎ అండ్ టి కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థులు ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్ చిన్నచిన్న వస్తువులు కొని, రసీదులు జేబులో పెట్టుకున్నారు. తర్వాత కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వం అన్నారు. ఇందాక మా డబ్బు తీసుకున్నారుగా, ఇప్పుడెందుకు కాదంటున్నారన్నది వాళ్ల ప్రశ్న. దానికి సాక్ష్యమే ఆ రసీదులు. గాంధీ గురించిన టీవీ డాక్యుమెంటరీ ఒకటి అంతకుముందే బ్లెయిర్ మనసులో నాటుకుంది. దుకాణం మూసేదాకా నలుగురూ లేవలేదు.

మెకేన్ తర్వాతి కాలంలో ఒక సంగతి చెప్పేవాడు. ఓ తెల్లజాతి ముసలావిడ అదేపనిగా తమవైపే చూస్తోందట. తిట్టడానికే వస్తోందనుకుంటే, దగ్గరికొచ్చి భుజం తట్టి, ఈ పని చేయడానికి ఇన్నాళ్లు పట్టిందేమని నొచ్చుకుందట. ఈ ఉద్యమం గురించి ఎంత చదివినా నా మనసు ఆవిడ దగ్గరే ఆగిపోతుంది.

మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు. మూడోరోజు అరవై దాటారు. శనివారానికి దుకాణంలో వెయ్యి మందికి పైగా జనం. బెనెట్ కాలేజీ అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. సెలవులకు విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతే డడ్లీ హైస్కూలు పిల్లలు అందుకున్నారు. దక్షిణాదిలో ఎన్నో పట్టణాల్లో ఇదే ఊపు. ఏప్రిల్‌లో రాష్ట్ర రాజధాని రాలీలో ఎల్లా బేకర్ పూనికతో విద్యార్థుల సంఘం ఎస్ఎన్‌సీసీ పుట్టింది. గ్రీన్స్‌బరో దుకాణానికి దాదాపు 2 లక్షల డాలర్ల నష్టం.

జూలై 25న మేనేజర్ దిగొచ్చాడు. అయితే ఆ కౌంటర్ దగ్గర మొదట వడ్డన జరిగింది విద్యార్థులకు కాదు, దుకాణంలోనే పనిచేసే నల్లజాతి సిబ్బందికి. యూనిఫాం విప్పి, మంచి బట్టలు కట్టుకుని, కొనుగోలుదారుల్లా వచ్చి కూర్చున్నారు. వాళ్లలో జెనీవా టిస్‌డేల్ ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ తెప్పించుకుంది. ఆ ఎగ్ సలాడ్ తను చేసిందే. కాఫీ అడిగిన నలుగురి పేర్లు పుస్తకాలకెక్కాయి. నా దృష్టిలో ఆవిడ పేరు కూడా వాళ్ల సరసన ఉండాల్సిందే.

ఆ తర్వాతి చరిత్ర ఇంత తిన్నగా నడవలేదు. 1979 నవంబరు 3న ఇదే ఊళ్లో తెల్లజాతి దురహంకారులైన కు క్లక్స్ క్లాన్, నాజీ ముఠాలు క్లాన్‌కు వ్యతిరేకంగా తలపెట్టిన ఊరేగింపు మీద కాల్పులు జరిపి ఐదుగుర్ని చంపాయి. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిందితులను వదిలేసింది. 1993లో వూల్‌వర్త్ మూతపడింది. భవనం కూల్చి కార్ల పార్కింగ్ చేద్దామన్నారు. స్థానిక నాయకులు కొందరు అడ్డుపడి నిలబెట్టారు. మ్యూజియానికి ప్రజాధనం ఇవ్వాలా అని ఊరిని రెండుసార్లు ఓటు అడిగితే రెండుసార్లూ వద్దంది. చివరికి సరిగ్గా యాభై ఏళ్లకు, 2010 ఫిబ్రవరి 1న తలుపులు తెరుచుకున్నాయి. తర్వాతా అప్పుల బాధ తప్పలేదు. కౌంటర్‌లో ఒక ముక్క వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి వెళ్లింది. ఆ నలుగురిలో రిచ్‌మండ్ 1990లో, మెకేన్ 2014లో, మెక్‌నీల్ 2025లో కన్నుమూశారు.