మరుపుకు అడ్డుపడే రెండో భాష

శ్రీ సిటీ పారిశ్రామిక వాడ పక్కనే ఉన్న సత్యవేడు బజారులో ఒక్క బేరంలోనే తెలుగూ తమిళమూ వినపడతాయి. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగాదాపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. సరిహద్దు జరిగింది గానీ ఇళ్లలోని మాటలు జరగలేదు. 2008 తర్వాత శ్రీ సిటీలో ఫ్యాక్టరీలు, 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం వచ్చి ఆ మాటలకు హిందీని, ఇంగ్లీషును కూడా కలిపాయి. ఇక్కడి అవ్వాతాతలు చాలామంది బడి గడప తొక్కకుండానే రెండు భాషల్లో బతికారు. ఆ అలవాటు ముసలితనంలో మెదడుకు ఏం మేలు చేస్తుందో చెప్పిన ముఖ్యమైన పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది.

ఆ పరిశోధన వెనక రెండు కథలున్నాయి. మొదటిది, జ్ఞాపకం మెదడులో ఎక్కడుంటుందన్న పాత వెతుకులాట. 1880ల చివర్లో స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ యి కహాల్ మెదడు కణాలు విడివిడిగా ఉంటాయని చూపించాడు. ఆ కణాలు కలుసుకునే చోటుకు 1897లో షెరింగ్టన్ సినాప్స్ అని పేరు పెట్టాడు. కలిసి పనిచేసే కణాల మధ్య బంధం గట్టిపడుతుందని, నేర్చుకోవడమంటే అదేనని 1949లో డొనాల్డ్ హెబ్ ఊహించాడు. 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులో ఆ బలపడటాన్ని కొలిచి చూపారు.

రెండో కథ భాషలది. రెండు భాషలు పిల్లల బుర్రను గందరగోళపరుస్తాయని చాలాకాలం నమ్మారు. 1923లో వేల్స్‌లో సేర్ చేసిన పరీక్షలు ఆ భయానికి బలమిచ్చాయి. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ కుటుంబ స్థోమత సమానంగా ఉన్న పిల్లల్ని పోల్చి చూస్తే ఫలితం తిరగబడింది. 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించింది. రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా బయటపడింది.

అయితే దీనికి గట్టి అభ్యంతరమే వచ్చింది. టొరంటోలో రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. మేలు చేసింది భాషా, వలసా? ఆ చిక్కు అక్కడ విడదీయడం కష్టం. కానీ హైదరాబాదులో పుట్టినవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఆఫీసులో హిందీ సహజంగానే వస్తాయి. ఇందుకోసం ఎవరూ దేశం దాటలేదు.

అప్పట్లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి, ఉస్మానియాకు చెందిన భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ కలిసి, మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. వాళ్లలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. 2013లో న్యూరాలజీ పత్రికలో ఫలితం అచ్చయింది. ఒక్క భాషే వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, మిగతావాళ్లలో 65.6 ఏళ్లకు మొదలైంది. చదువు, వృత్తి, పల్లె, పట్నం తేడాలు లెక్కలోకి తీసుకున్నా అంతరం పోలేదు. అక్షరం ముక్క రానివాళ్లలో అది సుమారు 6 ఏళ్లు! ఈ పరిశోధనలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ అంకే. చదువే మెదడును కాపాడుతుందని నమ్మిన చోట, కూలీనాలీ చేసుకునే మనిషి వాడుకలో నేర్చిన భాష కూడా కాపాడుతుందని అది చెప్పింది. మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనపడలేదు.

రెండు భాషలు జబ్బును రానివ్వవని దీని అర్థం కాదు. మెదడులో నష్టం జరుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం మరికొంత కాలం నెట్టుకొస్తాడు. 1988లో కాట్జ్‌మన్ బృందం మెదడులో అల్జీమర్స్ గుర్తులున్నా బతికుండగా మతి చెడని వృద్ధులను గుర్తించింది. నష్టాన్ని తట్టుకునే, ఎండాకాలానికి చెరువులో మిగిలిన నీళ్లలాంటి ఈ నిల్వనే ఇప్పుడు కాగ్నిటివ్ రిజర్వ్ అంటున్నారు. రెండు భాషలు తెలిసిన మెదడులో అవి రెండూ మెలకువగానే ఉంటాయి. ఒకటి పలకాలంటే రెండోదాన్ని అణచిపెట్టాలి. నుదుటి వెనకున్న భాగాలకు రోజంతా ఈ సాధకమేనని, నిల్వ అక్కడే పెరుగుతుందని ఒక వివరణ.

2016లో అదే బృందం నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించింది. రెండు భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే మిగిలింది. ఒక్క భాషవాళ్లలో ఇది 19.6 శాతమే. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. అంటే మేలు జరిగింది మాటలకు కాదు, వాటిని నడిపించే యంత్రాంగానికి అనుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లతరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ మేలు కనపడలేదు. ఆ మాటా చెప్పాలి. ఆసుపత్రికి వచ్చినవాళ్లు మొత్తం సమాజానికి నమూనా కాకపోవచ్చు. అయినా, బడిలో ఇంగ్లీషు రావాలని ఇంట్లో తమిళాన్నో తెలుగునో మాన్పించే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. రెండో భాష కోసం మొదటిదాన్ని వదిలించడానికి ఈ పరిశోధనలో ఏ కారణమూ లేదు.

ఈ మేలు నిజమేనా అన్న సందేహం తీరాలంటే జబ్బు రాకముందు నుంచీ మనుషుల వెంట నడవాలి. చిత్తూరు వైపు సరిహద్దుకు అవతల, తెలుగు బాగా వినపడే కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018 నుంచి ఆ పని చేస్తోంది. 45 ఏళ్లు దాటిన 10,000 మంది పల్లెవాసులను చేర్చుకుని, వాళ్ల జ్ఞాపకశక్తిని, రక్తాన్ని, మెదడును మళ్లీ మళ్లీ పరీక్షించాలన్నది దాని లక్ష్యం.