టార్చి సెల్లు ఎందుకు పారేస్తాం? జింకు కథ

విజయవాడ హాస్టల్ నుంచి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

తండాల్లో, గూడేల్లో టార్చి సెల్లు అయిపోతే పారేస్తాం. ఆటో బ్యాటరీ అయితే మళ్లీ చార్జింగ్ పెట్టిస్తాం. రెండింట్లోనూ నీళ్లు కలిసిన రసాయనమే. మరి తేడా ఎక్కడ? ఎక్కువగా లోహంలో. ఆటో బ్యాటరీలోది సీసం. కరెంటు ఇచ్చాక అది సీసం సల్ఫేటుగా మారినా కరిగిపోదు, ప్లేటు మీదే ఉంటుంది. చార్జింగ్ పెడితే అక్కడే మళ్లీ సీసం అవుతుంది. 1859లో ప్లాంటే చేసిన బ్యాటరీ ఇప్పటికీ బతికుందంటే ఇదే ముఖ్య కారణం.

సెల్లులోది జింకు. పాత పుస్తకాల్లో తుత్తునాగం అంటారు. ఇది కరిగి ద్రవంలోకి పోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఉన్న చోటికి రాదు, ఎక్కడ కాస్త ఎత్తుగా ఉంటే అక్కడ పేరుకుని ముల్లులా పెరుగుతుంది. ఆ ముల్లు మధ్య పొరను చీల్చి అవతలి ప్లేటుకు తగిలిందా, షార్టే.

అసలు జింకు తీయడమే కష్టం. 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఉదయపూర్ దగ్గర జావర్‌లో మట్టి మూసల్ని తలకిందులుగా పెట్టి, పైన మంట పెట్టి, ఆవిరిని కిందికి దించి చల్లార్చి పట్టుకున్నారు. ఒక్కో కొలిమికి 36 మూసలు! ఇంగ్లండులో ఛాంపియన్ పేటెంటు తీసుకున్నది 1738లో. అప్పటికే జావర్‌లో కొన్ని వందల ఏళ్లుగా తీస్తున్నారు. ఆ కొండలు భిల్లులుండే ప్రాంతం. నేను చదివిన పాఠంలో 1800 నాటి వోల్టా ఉన్నాడు గానీ జావర్ లేదు.

ముల్లు సంగతి చాలామంది పట్టుకున్నారు. ఐర్లండులో డ్రమ్ అనే ఆయన 1932లో నికెల్-జింకు బ్యాటరీతో రైలే నడిపించాడు. ఫ్రాన్స్‌లో ఆండ్రే మధ్యలో సెల్లోఫేన్ చుట్టి ముల్లుకు అడ్డం పెట్టాడు. అదీ కొన్నాళ్లే ఆపుతుంది. 2017లో అమెరికా నౌకాదళం ల్యాబ్ వాళ్లు జింకును స్పాంజిలా చేశారు. కరెంటు లోపలంతా సమానంగా పారితే ముల్లు మొలిచే చోటే ఉండదని. నాకు ఈ ఆలోచనే అన్నిటికంటే నచ్చింది.

లిథియం ఉండగా ఇదంతా ఎందుకంటారా? 2022 ఏప్రిల్‌లో ఈ విజయవాడలోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. నీళ్ల బ్యాటరీలో ద్రవం అలా అంటుకోదు. సీసంకేమో విషం ఉంది, పాత బ్యాటరీలు ఆరుబయట కరిగిస్తే ఆ పొగ, దుమ్ము ముందు పిల్లల్ని దెబ్బతీస్తాయి. జింకుతో ఆ భయం చాలా తక్కువ.

మన రాష్ట్రానికీ ఇందులో భాగముంది. విశాఖలో హిందూస్థాన్ జింక్ ఫ్యాక్టరీ 1977 నుంచి 2012 దాకా నడిచింది. వినుకొండ అవతల అగ్నిగుండాల, బండ్లమోటు వైపు సీసం గని ఉండేది, అదీ మూతపడింది. అటువైపు తండాల వాళ్లు ఎవరైనా ఉంటే, మీ తాతలు ఆ గనిలో పనిచేశారేమో అడిగి నాకు రాయండి.