విజయనగరం బాణీ, లలిత జానపద గీతాలు

శాస్త్రీయ సంగీతం నేర్చిన ఉత్తరాంధ్ర గాయకులు, స్వరకర్తలు కచేరీ వేదిక దాటి భావగీతాలు, నాటక పద్యాలు, పల్లెపదాలను గ్రామఫోను, రేడియో, సినిమాల కోసం పాడిన పరంపర 1930ల నుంచి కనిపిస్తుంది. దీనికి కేంద్రం విజయనగరం. పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో అక్కడ నెలకొల్పిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. కీర్తన, పద్యం, వచనం, నృత్యం కలగలిసిన హరికథకు పితామహుడిగా పేరొందిన మనిషి ఏలిన చోట శాస్త్రీయానికీ తక్కిన పాటకూ మధ్య గోడ మరీ ఎత్తుగా లేకపోవడం సహజమే. 1936లో ఆ బాధ్యత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు స్వీకరించారు.

సాలూరు సమీపంలోని శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు, గీతకర్త. తండ్రి రాసిన పాటలు కొన్నిటిని రాజేశ్వరరావు స్వరపరచి, ఒంటరిగానూ ఆర్. బాలసరస్వతీదేవితో కలిసీ పాడారు. తెలుగు లలిత సంగీతానికి గట్టి పునాది వేసినవి ఈ రికార్డులే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక్కో వైపు మూడు నిమిషాలకు పెద్దగా మించి పట్టదు. ఆలాపనకూ నెరవుకూ చోటు లేదు కనుక రాగభావమంతా పల్లవి, రెండు మూడు చరణాల్లోనే పలకాలి. ఆ పొదుపు ఆయన ‘మల్లీశ్వరి’ (1951) సినిమా పాటల్లోనూ వినిపిస్తుంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, వారాలు చేసుకుంటూ, మధుకరమెత్తుకుంటూ విజయనగరంలో చదువుకున్నారు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి. ఘంటసాల చేసిన పెద్ద మార్పు పద్యంలో ఉంది. రంగస్థల నటులు పద్యం చివర రాగాన్ని సాగదీసి చప్పట్లు కొట్టించుకునే రోజుల్లో, ఆయన రాగాన్ని అర్థానికి లోబరిచారు. మాట విరుపు చెడకుండా, అవసరమైనంతే గమకం వేసి పాడారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ రికార్డు ఇంటింటా మోగడానికి కారణం ఆ నిగ్రహమే. కొనకళ్ల వెంకటరత్నం రాసిన పల్లె బాణీ గీతాన్నీ ఆయన అంతే శ్రద్ధగా పాడారు. విజయనగరం సంగీత కళాశాలలోనే చదివిన పి. సుశీల 1950ల నుంచి ఆ శిక్షణను సినిమా పాటకు అందించారు.

విజయనగరం ప్రాంతంలోనే పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం (1939–1993) శ్రీపాద పినాకపాణి శిష్యురాలు. త్యాగరాజ కృతిని ఎంత నిష్ఠగా పాడారో ఆకాశవాణిలో ఎంకి పాటలనూ, భక్తిరంజని గీతాలనూ అంత నిష్ఠగా పాడారు. పద్మశ్రీ 1992లో వచ్చింది.

ఇలా హద్దు దాటడం అమెరికాలోనూ జరిగింది. రిథమ్ అండ్ బ్లూస్ గాయకుడు రే చార్లెస్ 1962లో ‘మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ ఆల్బమ్‌తో, తెల్లజాతివారి సొత్తుగా చెలామణి అయిన పల్లె సంగీతాన్ని తనదిగా పాడారు. అక్కడ వివక్షకు గురైన నల్లజాతి గాయకుడు అధికుల పాట అందుకుంటే, ఉత్తరాంధ్రలో మాత్రం ఎక్కువగా చదువుకున్న విద్వాంసులే శ్రామికుల పాటవైపు వచ్చారు. పల్లె గొంతుల పేర్లు మాత్రం చాలావరకు రికార్డుల మీదికి ఎక్కలేదు. ఆ లోటు చిన్నది కాదు.

పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఎదురు దిశలో నడిచారు. విశాఖ షిప్‌యార్డు కార్మికుడైన ఆయన కూలీల మాటల్లోనే పాట కట్టి, జానపద బాణీల్లో ఊరూరా పాడారు. జననాట్యమండలి వేదికలపై పుట్టి పెరిగిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పల్లవి 2009లో ‘మగధీర’ సినిమాలో వినిపించింది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ కోసం రఘు కుంచె ‘నాదీ నక్కిలీసు గొలుసు’ అనే ఉత్తరాంధ్ర జానపదాన్ని సినిమా వాద్యాలతో స్వరపరిచి పాడారు. అందులో సిక్కోలు (శ్రీకాకుళం) యాసను పుస్తక భాషలోకి దిద్దలేదు.