ఫిరంగి మీద పేర్లు, ఫిరంగి కింద భుజాలు



పోయిన నెల గుడివాడ హాస్టల్ పిల్లలు నలుగురితో గోల్కొండ వెళ్లాను. పెట్లా బురుజు మీద ఫతే రహబర్ అనే పెద్ద కంచు ఫిరంగి ఉంది. అందరం ఫోటోలు తీశాం. ఒక అమ్మాయి ఫోన్ దగ్గరగా పెట్టి, ఫిరంగి మీది పారశీ అక్షరాల్ని తీసి, "అన్నా, ఏం రాశారు?" అంది.

ఔరంగజేబు పేరుంది. ఫిరంగి పేరుంది. పోత పోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరుంది.

"మరి దీన్ని ఇంత పైకి లాగినోళ్ల పేర్లు?"

జవాబు చెప్పలేకపోయాను. బస్సు దిగేదాకా అదే ఆలోచన.

ఫతే రహబర్ అంటే గెలుపుకి దారి చూపేది. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ ఫిరంగులకి లొంగలేదు. లోపలివాడే తలుపు తీస్తే పడింది. అయినా కీర్తి మాత్రం ఫిరంగికే దక్కింది.

ఇప్పుడు మన బందరుకి రండి. గోల్కొండ రాజ్యానికి రేవు ఇదే. కంచు అంటే రాగి, తగరం. డచ్చి కంపెనీ జపాన్ రాగినీ, మలయా తగరాన్నీ ఓడల్లో ఇక్కడికి తెచ్చేది. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరేస్తే, సరుకుని చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకి చేర్చాలి. ఆ బరువు మోసింది రాజులు కాదు, వర్తకులు కాదు.

ఇంకో మాట. ఇదే కంపెనీ కరువు సంవత్సరాల్లో కోరమండల్ తీరం నుంచి మనుషుల్ని బానిసలుగా కొని బటావియాకి పంపింది. లోహం దిగిన తీరం నుంచే మనుషులు ఓడెక్కారు. కరువొస్తే ముందు అమ్ముడుపోయేది భూమి లేనోడు. భూమి దక్కకుండా చేసింది ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

1759 ఏప్రిల్ 7 రాత్రి ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, ఫ్రెంచివాళ్ల చేతిలోని బందరు కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫోర్డ్ వెంట ఉన్నది సుమారు 1400 మంది సిపాయిలు. కోట చుట్టూ మోకాటి లోతు బురదలో నడిచిన వాళ్లలో పుస్తకాలకెక్కిన పేరు ఒక్కటైనా చెప్పండి చూద్దాం. ఫోర్డ్ పేరుంది. ఓడిపోయిన కాన్‌ఫ్లాన్స్ పేరు కూడా ఉంది!

మా తాత బందరు రేవులో మూటలు మోశాడు. ఆయన కుడి భుజం మీద కాయ కాసి ఉండేది. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. ఆ ఫిరంగికి రోజుకి ఎన్ని ఫోటోలో! మా ఇంట్లో తాత ఫోటో ఒక్కటీ లేదు.

కోటలకి వెళ్లొద్దని అనను. వెళ్లండి, ఫోటోలు తీయండి. కానీ ఫోటో కింద రాజు పేరు రాసేటప్పుడు, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా రాయండి. ఇంకో పని. ఈ ఆదివారం దివిసీమలోనో, గుడివాడ పక్క పల్లెలోనో, మీ పేటలో మూటలు మోసిన, పడవ నడిపిన ముసలోళ్ల దగ్గర కూర్చోండి. పేరు, ఊరు, చేసిన పని రాసుకోండి. అడిగి ఫోటో తీయండి.

వాళ్లు బతికుండగానే తీయండి. నేను ఆలస్యం చేశాను.

జై భీమ్.