గోలీ వేస్తే గంట మోగాలి

గాంబియాలో ఓటంటే కాగితం కాదు, గాజు గోలీ. మన పిల్లలు వీధిలో గురిచూసి కొట్టే గోలీ లాంటిదే.

1965లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ చిన్న పశ్చిమాఫ్రికా దేశంలో చదువు వచ్చినవాళ్లు బహు తక్కువ. అచ్చువేసిన పేర్లు చదివి ఓటేయమంటే కుదిరే పని కాదు. 1951-52లో మనకూ ఇదే చిక్కొచ్చింది. అభ్యర్థికో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించి గట్టెక్కాం. కానీ చీటీని పెట్టెలో వేయకుండా జేబులో దాచుకొచ్చి అమ్ముకునే వీలు అందులో ఉండేది.

గాంబియా పద్ధతి ఆ సందు మూసేసింది. పెట్టె బదులు ఇనుప డ్రమ్ము. దానికి అభ్యర్థి రంగు, ఫొటో. పైనున్న గొట్టంలో గోలీ వేస్తే లోపలి గంటకు తగిలి ఒక్కసారి ‘ణంగ్’మంటుంది. పడ్డాక మళ్లీ చప్పుడు కాకుండా అడుగున ఇసుకో, రంపపుపొట్టో పోస్తారు. ఎవరికి వేశారో బయటివాళ్లకు తెలియదు, వేశారని మాత్రం తెలుస్తుంది. రెండుసార్లు మోగిందా, దొంగ దొరికినట్టే. పోలింగ్ రోజు ఆ దాపుల్లోకి సైకిళ్లు రానివ్వరు, బెల్లు మోత గంటలో కలిసిపోతుందని!

లెక్కపెట్టడానికి 200, 500 గుంతలున్న పళ్లేలు. గుంతలన్నీ నిండితే చదువురాని ఏజెంటుకూ లెక్క తేలిపోతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటు నియంతను ఆపిందా? లేదు. 1994 జూలైలో సైనిక కుట్రతో గద్దెనెక్కిన యాహ్యా జమ్మే 1996, 2001, 2006, 2011 ఎన్నికల్లో ఈ గోలీలతోనే గెలిచాడు. ప్రత్యర్థులను జైల్లో వేసి, పత్రికల నోరు నొక్కాక గంట మాత్రం ఏం చేస్తుంది?

2016 డిసెంబరు 1న కథ మారింది. ప్రధాన ప్రతిపక్ష నేత ఉసైను డార్బో జైల్లో ఉన్నాడు. ఇంటర్నెట్ కోసేశారు. అయినా విపక్షాలు ఏకమై ఆదామా బారోను నిలబెట్టాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఈసారి డ్రమ్ములను వేరేచోటికి మోయకుండా పోలింగ్ కేంద్రంలోనే, అందరి ఎదుటా గోలీలు లెక్కపెట్టారు. నా లెక్కలో అసలు పని చేసింది ఇదే. బారోకు 43.3 శాతం, జమ్మేకు 39.6.

తమాషా ఏమిటంటే, గోలీల లెక్క సరిగానే ఉంది, కాగితం మీద కూడికే తప్పింది. ఎన్నికల సంఘం సవరించేసరికి ఆధిక్యం 51 వేల నుంచి 19 వేలకు దిగింది. మొదట ఓటమి ఒప్పుకున్న జమ్మే వారానికే అడ్డం తిరిగాడు. బారో 2017 జనవరి 19న పొరుగు దేశ రాజధాని డాకర్‌లోని తమ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేయాల్సి వచ్చింది. పశ్చిమాఫ్రికా దేశాల సైన్యాలు సరిహద్దు దాటాక, 21న జమ్మే దేశం విడిచాడు.

2021 డిసెంబరు 4న మళ్లీ అధ్యక్ష ఎన్నిక. ఆరుగురు పోటీ చేశారు. ఆరు డ్రమ్ములు పెట్టారు.