"కొత్తనార్ పని నేర్చుకో" అన్న సలహా

పోయిన ఆదివారం మన భవనంలో ప్లస్ టూ పాసైన పిల్లలకు పైచదువు సలహాలు చెప్పే కార్యక్రమం జరిగింది కదా. పెద్దవాళ్ళం నలుగురం బల్ల వెనక కూర్చున్నాము. ఒక అమ్మాయి మార్కుల కాగితం చూసి, "ఇంగ్లీషు తక్కువగా ఉందమ్మా, నీకు డిప్లొమా చాలు" అన్నాము. ఆ పిల్ల సరే అని తల ఊపి వెళ్ళిపోయింది. ఆమెకు ఏం చదవాలని ఉందో మేము అడగనే లేదు. ఇంటికి వచ్చాక అమెరికా చరిత్ర ఒకటి గుర్తుకొచ్చింది. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

రాబర్ట్ విలియమ్స్ 1930లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి మనిషి. పదిహేనేళ్ళప్పుడు ఆయనకు తెలివితేటల పరీక్ష పెట్టారు. 82 వచ్చింది. చేతిపని బాగా చేస్తావు, ఇటుకలు పేర్చే పని నేర్చుకో అని బడిలోని కౌన్సెలర్ సలహా ఇచ్చారు. మన ఊళ్ళో కొత్తనార్ పని అంటామే, అదే. ఆ పని తక్కువని కాదు. ఒక్క అంకె చూసి పిల్లవాడి దారి తేల్చేశారు, అదీ బాధ. విలియమ్స్ ఆ మాట వినలేదు. కాలేజీకి వెళ్ళారు, 1961లో సైకాలజీలో డాక్టరేట్ తీసుకున్నారు.

ఆ కౌన్సెలర్ చెడ్డ మనిషి అని మేము అనము. వాళ్ళకు నేర్పిన చదువే అలాంటిది. ఏ పిల్లవాడికి ఏ ఉద్యోగం సరిపోతుందో చెప్పే ఈ విద్య 1908లో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ పెట్టిన కార్యాలయంతో పేరుకెక్కింది. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికా బెదిరి, మరుసటి ఏడాదే ఒక చట్టం చేసి, బడుల్లో పరీక్షలకూ కౌన్సెలర్ల శిక్షణకూ డబ్బు గుమ్మరించింది. తెలివైన పిల్లలను ఏరి పైకి పంపాలని ఉద్దేశం. కానీ ఆ పరీక్షల భాష, అందులోని లోకం తెల్లవాళ్ళ ఇళ్ళవి.

1972లో విలియమ్స్ గారు నల్లవాళ్ళ ఇళ్ళలో, వీధుల్లో వాడే మాటలతోనే 100 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేశారు. అందులో నల్ల పిల్లలకు మంచి మార్కులు, తెల్ల పిల్లలకు తక్కువ మార్కులు వచ్చాయి. తెల్ల పిల్లలు మందబుద్ధులా? కాదు. ఆ పరీక్ష భాషను కొలిచింది, బుద్ధిని కాదు. మరుసటి ఏడాది నల్లవాళ్ళ భాషకు 'ఎబోనిక్స్' అని పేరు పెట్టింది కూడా ఆయనే. 1979లో కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి, తెలివితేటల పరీక్ష చూసి నల్ల పిల్లలను మందబుద్ధుల తరగతుల్లో వేయకూడదని తీర్పు చెప్పారు.

విలియమ్స్ గారు ఒంటరి కాదు. క్లెమంట్ వాంట్రెస్ ఇండియానాపొలిస్‌లో నల్ల పిల్లల హైస్కూలులో కౌన్సెలర్‌గా పనిచేసిన మనిషి. తరువాత ఆచార్యుడై, వేరే సంస్కృతి నుంచి వచ్చిన పిల్లవాడు కౌన్సెలర్ ముందు మనసు ఎందుకు విప్పడో రాశారు. థెల్మా డేలీ అనే నల్లజాతి మహిళ 1970లలో అమెరికా బడి కౌన్సెలర్ల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. 1972లో తెల్లవారు కాని వారి సమస్యల కోసం కౌన్సెలర్లలో ప్రత్యేక విభాగమూ, దానికొక పత్రికా వచ్చాయి. 1991లో కోర్ట్‌లాండ్ లీ వేర్వేరు సంస్కృతుల వారికి ఎలా సలహా చెప్పాలో ఒక పుస్తకం తెచ్చారు. 2007లో షెరిల్ హోల్కోంబ్ మెకాయ్ రాసిన పుస్తకం ఇంకో అడుగు వేసింది. కౌన్సెలర్ గదిలో కూర్చుని మాట్లాడితే చాలదు, పైస్థాయి పాఠాల్లో ఏ పిల్లలు లేరో లెక్క తీసి, బడినే ప్రశ్నించాలని చెప్పింది. ఒకప్పుడు ఇటుకల పనికి పొమ్మన్న వృత్తికి, ఆ మాట పడ్డవాళ్ళే పాఠాలు రాసి పెట్టారు.

మనకెందుకు ఇదంతా అంటారేమో. మేము ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో చదివింది అరవం, రైల్వే పరీక్ష రాసింది ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు ముప్పై దాటాకే నేర్చుకున్నాము. పదకొండో తరగతిలో ఒక వాత్తియార్, "నీకు ఇంగ్లీషు రాదు, కాలేజీ ఎందుకు" అన్నారు. సర్వీసంతా గుమాస్తాగానే గడిచింది, ఆ మాట మాత్రం ఇంకా చెవిలో ఉంది. పోయిన ఆదివారం అదే మాట మా నోటినుంచే వచ్చింది.

ఈ ఆదివారం మేము ఇద్దరం ఆ అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. ముందు ఏం చదవాలని ఉందో అడుగుతాము, తరువాతే మార్కులు చూస్తాము. ఇంగ్లీషు నేర్పగలిగిన వాళ్ళు మనలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సాయంకాలం గంటసేపు చాలు.